కారులో ఎవరి సీటుకు వారి శబ్దం: ఇది మన కుటుంబాలకు పనికొస్తుందా?

పటమట_ప్రయాణికుడు
విజయవాడ నుంచి తిరుపతి దాకా ఒకే కారులో వెళ్లే ఐదుగురికి ఐదు రకాల కోరికలు ఉంటాయని ఇక్కడ ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. ముందు సీటులో కూర్చునే మా నాన్నగారికి ప్రవచనం కావాలి, అదీ పెద్ద శబ్దంతో కావాలి. వెనక పిల్లలిద్దరూ ట్యాబ్‌లో బొమ్మల కార్యక్రమం పెట్టుకుంటారు. వాళ్ల మధ్య కూర్చున్న మా ఆవిడకు ఆఫీసు ఫోన్లు ఆగవు. బండి నడిపే నాకు దారి చెప్పే గొంతు తప్ప మరేదీ అక్కరలేదు, కాని వినిపించనిది అదొక్కటే. కాజా టోల్‌గేటు దాటేలోపే స్పీకరు ఎవరిదన్న తగవు మొదలవుతుంది. ఇయర్‌ఫోన్లు లేకుండానే ఏ సీటులోని వారికి ఆ సీటు శబ్దమే వినిపించే కార్లు వస్తున్నాయని, అవి మనిషి తల కదలికను గమనించి తమను తాము సర్దుకుంటాయని చదివాను. కొత్త కారు కొనే ఆలోచనలో ఉన్నాను కనుక అడుగుతున్నాను. ఇది నిజంగా పనిచేసేదేనా, లేక ప్రకటనల వరకేనా?

వెనక_సీటు_మధ్యలో
నాలుగు సీట్లకు నాలుగు జోన్లని, అంటే ఎవరి శబ్దం వారికే వినిపించే చోట్లని, ఆ కార్ల కంపెనీలవాళ్లు చూపించే బొమ్మల్లో వెనక మధ్యలో కూర్చున్న మనిషి ఎక్కడా కనిపించరు. మీ ఆవిడకు రెండు పక్కల శబ్దమూ ఉచితంగా వస్తుందని ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది.

గొల్లపూడి_గంట
ఒకే కారులో కూర్చుని ఎవరి శబ్దం వారు వినడానికి అంత ఖర్చు దేనికో నాకు అర్థం కాలేదు. ముందు గంట ప్రవచనం, తరువాతి గంట పిల్లలది, ఆ తరువాత అందరూ మాట్లాడుకోవడం అని వంతులు పెట్టుకుంటే సరిపోతుంది.

మంగళగిరి_కోడలు
గొల్లపూడి గారూ, ఆ వంతుల పట్టికలో ఆఫీసు ఫోను ఏ గంటలో వస్తుందో కూడా రాసి పెట్టండి. మా పై అధికారికి ఒక ప్రతి పంపిస్తాను.

తరంగాల_మాస్టారు
ఇంజనీరింగు కళాశాలలో ధ్వనిశాస్త్రం చెబుతాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఇది ప్రకటనల కోసం పుట్టిన ఆలోచన కాదు. వ్యక్తిగత ధ్వని అనే భావనను డ్రైవెస్టైన్, గరాస్ అనే పరిశోధకులు 1997లోనే ఒక పత్రంగా ప్రచురించారు. ఒకచోట శబ్దాన్ని పెంచి మరొకచోట అణచడానికి అనేక స్పీకర్లకు ఎంతెంత ధ్వనిని ఏ ఆలస్యంతో ఇవ్వాలో లెక్కించే పద్ధతిని 2002లో చోయ్, కిమ్ చూపించారు. ఆ తరువాత ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవారు కారు లోపల దీన్ని అమర్చి పరీక్షించారు.

పద్ధతి ఇది. ఒక్కో సీటులో చెవులు ఉండే చోట మైకులు పెట్టి, ప్రతి స్పీకరు నుంచి ప్రతి మైకుకు శబ్దం ఎలా చేరుతోందో ముందుగా కొలుస్తారు. తరువాత మీ నాన్నగారి ప్రవచనాన్ని ఆయన సీటు దగ్గరి స్పీకర్లలో వినిపిస్తూనే, ఆ ప్రవచనాన్నే తలకిందులు చేసి తగిన ఆలస్యంతో మిగిలిన స్పీకర్లకు కూడా ఇస్తారు. మీ చెవి దగ్గర ఈ రెండూ ఎదురై ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ఆయన చెవి దగ్గర మాత్రం మిగులుతుంది. అంటే పక్క సీటు నిశ్శబ్దంగా ఉండాలంటే అక్కడ కూడా స్పీకరు పనిచేస్తూనే ఉండాలి.

ఇక చిక్కంతా తరంగదైర్ఘ్యంలో ఉంది. 80 హెర్ట్జ్, అంటే సెకనుకు 80 కంపనాలుండే బేస్ (కింది స్థాయి) శబ్దానికి ఒక్కో తరంగం పొడవు 4 మీటర్లు దాటుతుంది, మన కార్ల లోపలి పొడవు అంత ఉండదు. బిందెలో ఒక పక్కనే నీళ్లు నింపలేనట్టు, ఆ శబ్దాన్ని ఒక సీటుకే పరిమితం చేయడం అయ్యే పని కాదు. 1000 హెర్ట్జ్ దగ్గర తరంగం 34 సెంటీమీటర్లకు తగ్గుతుంది, మాటల్లోని స్పష్టతంతా ఆ చుట్టుపక్కలా దానికి పైనా ఉంటుంది, అక్కడ వేరు చేయడం బాగా కుదురుతుంది. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు కూడా రెండు ముక్కలు. ప్రవచనానికి, దారి చెప్పే గొంతుకు, ఫోనుకు ఇది పనిచేస్తుంది. డప్పు పాటకు పనిచేయదు.

బ్రాడీపేట_నాలుగో_లైను
తలగడ భాగంలో, అంటే హెడ్‌రెస్ట్‌లో స్పీకరు పెట్టే కార్లు ఇప్పటికే ఉన్నాయి కదా. ఆ రెండూ ఒకటేనా?

తరంగాల_మాస్టారు
ఒకటి కాదు, కాని చుట్టరికం ఉంది. అమెరికాలో 2018లో వచ్చిన నిస్సాన్ కిక్స్‌లో బోస్ సంస్థ డ్రైవరు హెడ్‌రెస్ట్‌లో రెండు స్పీకర్లు పెట్టింది, అయితే ఆ ఏర్పాటు పాట చుట్టూ పరచుకున్నట్టు వినిపించడానికే గాని పక్కవారి నుంచి దాచడానికి కాదు. అదే ఏడాది కియా సంస్థ ఒక్కో సీటుకు వేరు శబ్దం ఇచ్చే పరిజ్ఞానాన్ని ప్రకటించింది. దారి సూచనలు డ్రైవరుకే, ఫోను మాట్లాడేవారికే, పాట వినేవారికే అన్నది అప్పటి వారి మాట. కియా కార్లు మన పెనుకొండ దగ్గరే తయారవుతున్నాయి కదా అని, ఆ ప్రకటన ఇక్కడ అమ్మే బండికీ వర్తిస్తుందని మాత్రం అనుకోకండి. కొనబోయే వేరియంటు వివరాల పట్టికలో ఆ మాట రాసి ఉంటేనే లెక్క.

హెడ్‌రెస్ట్ స్పీకరుకు దూరం లెక్కే పెద్ద బలం. మీ చెవికి 15 సెంటీమీటర్లలో, పక్కవారి చెవికి 75 సెంటీమీటర్లలో ఉన్న స్పీకరును తీసుకుంటే, ఏ గణితమూ చేయకుండానే పక్కవారికి 14 డెసిబెళ్లు తక్కువగా చేరాలి. కారులో అద్దాలు శబ్దాన్ని తిప్పికొడతాయి కనుక అంత తేడా మిగలదు, మిగిలిన పనిని ఫిల్టర్లు, అంటే శబ్దాన్ని రద్దు చేయడానికి పైన చెప్పిన లెక్కలు, చూసుకుంటాయి. బేస్ వైపు తలుపుల్లోని మామూలు స్పీకర్లతోనే సుమారు 200 హెర్ట్జ్ వరకు ముందు వరుసను, వెనక వరుసను కొంత విడదీయవచ్చని సౌతాంప్టన్ వారి పనిలో తేలింది. ముందుకూ వెనక్కూ మధ్య సులువు, పక్క పక్క సీట్ల మధ్య కష్టం. కాబట్టి మీ పిల్లల బొమ్మలకూ మీ నాన్నగారి ప్రవచనానికీ సంధి కుదురుతుంది. మీకూ మీ నాన్నగారికీ కుదరడమే కష్టం.

వెనక_సీటు_మధ్యలో
ఆ చివరి వాక్యం కారుకే పరిమితమా మాస్టారూ?

మిర్చియార్డు_గుమాస్తా
నా అవసరం వేరు. గుంటూరు యార్డుకు వెళ్లే దారిలో కొనుగోలుదారు నా పక్కనే కూర్చుని ఉంటాడు, అదే సమయంలో రైతు ఫోను చేసి రేటు అడుగుతాడు. కారు స్పీకరులో రైతు గొంతు గట్టిగా వినిపిస్తే నా బేరం అక్కడే ముగిసిపోతుంది. ఈ పద్ధతితో ఆ గొంతు నాకు మాత్రమే వినిపిస్తుందా?

తరంగాల_మాస్టారు
అవతలి వ్యక్తి గొంతు స్పీకరులోంచి వస్తుంది కనుక దాన్ని మీ సీటు దాకా కట్టడి చేయవచ్చు. మీ గొంతు మీ నోట్లోంచి వస్తుంది, దాని మీద ఏ ఫిల్టరుకూ అధికారం లేదు.

మిర్చియార్డు_గుమాస్తా
అంటే అతను చెప్పిన రేటు దాగుతుంది, నేను చెప్పిన రేటు బయటపడుతుంది. దాగవలసింది సరిగ్గా దాగడం లేదన్నమాట.

ట్రావెల్స్_సారథి
అద్దె కారు నడిపేవాడిగా చెబుతున్నాను. వెనక సీటులోని వారి స్థలాల బేరాలు, సంబంధాల మాటలు మేము విననట్టు నటించడం ఈ వృత్తిలో సగం పని. వాళ్లు ఫోను పెట్టిన ప్రతిసారీ నా వైపు చూసి గొంతు తగ్గిస్తారు, తగ్గించిన గొంతు ఏసీ శబ్దంలో అవతలివారికి వినిపించక మళ్లీ పెంచుతారు. వారి మాట నాకు వినిపించకుండా నా సీటు దగ్గర ఏదైనా శబ్దం నింపే ఏర్పాటు ఉందా? ఉంటే అందరికంటే ముందు నేనే సంతోషిస్తాను.

తరంగాల_మాస్టారు
మరుగుపరిచే శబ్దం నింపడం సాధ్యమే, మాటల స్థాయిలో ఉండే మెత్తని హోరును మీ సీటు దగ్గర వినిపిస్తే వెనక సీటు మాటలు ముక్కలుగా తప్ప అర్థం కావు. కాని గంటల తరబడి చెవి దగ్గర ఆ హోరు పెట్టుకుని నడిపే మనిషికి వెనకాల అంబులెన్సు సైరను కూడా ఆలస్యంగా వినిపిస్తుంది. నాకు ఈ ఉపయోగం నచ్చదు.

ట్రావెల్స్_సారథి
బెంజి సర్కిల్ దగ్గర సైరను వినిపించడం ఎంత అవసరమో నాకు తెలుసు. ఆ కోరికను వెనక్కి తీసుకుంటున్నాను.

చెవుల_డాక్టరమ్మ
మొదటి పోస్టులోని నాన్నగారి విషయం ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. పెద్ద వయసులో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు పోయేవి పై స్థాయి ధ్వనులు, అంటే స, శ, త, ప వంటి హల్లుల పదును. అచ్చుల గట్టిదనం వినిపిస్తూనే ఉంటుంది, మాట మాత్రం అర్థం కాదు. అందుకే వారు మొత్తం శబ్దం పెంచమంటారు, పెంచినకొద్దీ అవసరం లేని కింది స్థాయి హోరు కూడా పెరిగి కారులో మిగిలినవారికి తలనొప్పి వస్తుంది, వారికి స్పష్టత మాత్రం అంతగా పెరగదు.

మాస్టారు చెప్పినదాన్ని బట్టి ఈ జోన్లు బాగా అదుపు చేయగలిగేది సరిగ్గా ఆ పై స్థాయి ధ్వనులనే. మీ నాన్నగారి సీటుకు మాత్రం ఆ భాగాన్ని పెంచి, బేస్‌ను తగ్గించి ఇస్తే మొత్తం శబ్దం పెంచకుండానే ప్రవచనం ఆయనకు అర్థమవుతుంది, పక్కనున్న మీకూ తక్కువగా వినిపిస్తుంది. నా దృష్టిలో ఈ పరిజ్ఞానానికి పాటల కంటే ఇదే అసలైన ఉపయోగం. అయితే కొత్త కారు కొనేలోపు ఆయనకు ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. వినికిడి యంత్రం పెట్టుకుంటే ప్రవచనమే కాదు, మీ మాట కూడా వినిపిస్తుంది.

పిల్లల సంగతి కూడా చెబుతాను. ఇయర్‌ఫోన్లు ఇచ్చి ఊరుకోబెట్టేవారు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం యూనియన్ కలిసి రూపొందించిన ప్రమాణం పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ల దగ్గర, పిల్లలకు అదే 40 గంటలు 75 డెసిబెళ్ల దగ్గర హద్దు పెట్టింది. హైవే మీద టైర్ల హోరును దాటి వినిపించాలని పిల్లలు శబ్దం పెంచుకుంటూ పోతారు, ఎంత పెంచారో బయట కూర్చున్న మనకు తెలియదు. చెవి బయట ఉండే స్పీకరైతే ఎంత పెంచారో పెద్దలకు కనీసం కొంత వినిపిస్తుంది.

మంగళగిరి_కోడలు
డాక్టరమ్మ గారూ, వినికిడి యంత్రం అనగానే మా మామగారు కారు దిగి నడుస్తానంటారు. సీటులోనే ఆ సర్దుబాటు ఉంటే ఆయనకు చెప్పకుండానే పని జరిగిపోతుంది.

బ్రాడీపేట_నాలుగో_లైను
తల కదిలితే సర్దుకుంటుందన్న విషయం మీద నాకు అనుమానం ఉంది. మా ఇంట్లో పిల్లలు సీటులో నిలబడతారు, వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుంటారు. ఇంకో అనుమానం మన ఎండల గురించి. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు తలుపు తీస్తే మొహానికి వేడి కొడుతుంది, శబ్దవేగం వేడితో మారుతుందని పదో తరగతిలో చదివాం. ఐరోపాలో చలికి కొలిచిన లెక్క ఇక్కడ పనిచేస్తుందా?

తరంగాల_మాస్టారు
రెండో ప్రశ్న చాలా మంచిది, ఈ వేదికలో ఇంతవరకు వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది.

గాలిలో శబ్దవేగం ఒక్కో డిగ్రీకి సుమారు సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర అది సెకనుకు సుమారు 346 మీటర్లు, 45 డిగ్రీల దగ్గర 358 మీటర్లు. చిన్న తేడాలా కనిపిస్తుంది. ఇప్పుడు మీ చెవికి రెండు స్పీకర్ల దూరాల్లో అర మీటరు తేడా ఉందనుకోండి. 4000 హెర్ట్జ్ దగ్గర ఆ అర మీటరులో 25 డిగ్రీలప్పుడు సుమారు 5.8 తరంగాలు పడతాయి, 45 డిగ్రీలప్పుడు 5.6 పడతాయి. ఒక పూర్తి తరంగాన్ని 360 డిగ్రీల చుట్టుగా లెక్కిస్తే, ఐదోవంతు తరంగం జారిందంటే దశలో, అంటే రెండు తరంగాల పొంతనలో, 72 డిగ్రీల తప్పు వచ్చినట్టు. సమానమైన రెండు ధ్వనులను ఎదురెదురుగా పెట్టి రద్దు చేసేటప్పుడు ఆ తప్పు 60 డిగ్రీలు దాటితే శబ్దం తగ్గకపోగా రద్దు చేయనప్పటికంటే పెరుగుతుంది. అంటే 25 డిగ్రీలకు కొలిచిన లెక్కతో ఎండలో కాగిన కారును నడిపితే, పై స్థాయి ధ్వనుల్లో పక్క సీటుకు లాభం పోయి నష్టం మొదలవుతుంది. ఏసీ కారును చల్లబరిచాక పరిస్థితి మళ్లీ దారికి వస్తుంది. సర్దుకునే వ్యవస్థ అంటే దీన్ని కూడా గమనించాలి, లోపలి ఉష్ణోగ్రతను కొలిచి లెక్క మార్చాలి.

తల కదలిక కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ఆ ధ్వనుల్లో తరంగం తొమ్మిది సెంటీమీటర్ల లోపే, అందులో ఐదోవంతు అంటే రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, తల పక్కకు వాల్చితే అంతకంటే ఎక్కువే జరుగుతుంది. అందుకే కెమెరాతో తలను వెంబడించే పద్ధతులు వస్తున్నాయి. మోకాళ్ల మీద వెనక్కి తిరిగిన పిల్లవాడిని ఏ కెమెరా కాపాడుతుందో నేను చెప్పలేను, ముందు వాడికి సీటు బెల్టు పెట్టండి.

గొల్లపూడి_గంట
మ్యూజియంలలో ఒకచోట నిలబడితేనే వినిపించే స్పీకర్లు ఉంటాయని విన్నాను. అవి కారు కప్పుకు బిగిస్తే ఈ గొడవంతా ఉండదు కదా.

తరంగాల_మాస్టారు
వంతుల పట్టికను వదిలి స్పీకర్లలోకి దిగినందుకు సంతోషం. అవి మనకు వినిపించని అల్ట్రాసౌండును సన్నని పుంజంలా పంపుతాయి, గాలిలో ప్రయాణిస్తుండగా దానిలోంచే వినిపించే ధ్వని పుడుతుంది. దీని సిద్ధాంతాన్ని వెస్టర్‌వెల్ట్ 1963లో రాశాడు. వాటిలో బేస్ చాలా బలహీనం, పైగా పుంజం దేనికి తగిలితే దాని నుంచి తిరిగి వస్తుంది. పెద్ద హాలులో అది ఇబ్బంది కాదు, నాలుగు వైపులా అద్దాలున్న కారులో ఇబ్బందే.

ఆటోనగర్_వైరింగ్
ఇంతసేపు చదివాను, ఇప్పుడు మా వైపు మాట చెబుతాను. ఆటోనగర్‌లో కారు ఆడియో పనే నా వృత్తి. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి పాత కారు హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లు బిగించమంటారు. నేను చేయను, కారణాలు చెబుతాను.

హెడ్‌రెస్ట్ అలంకారం కాదు, వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ విరగకుండా ఆపే భాగం అదే. దానిలోని స్పాంజిని కోసి గట్టి స్పీకరును ఇరికిస్తే తల తగిలేది స్పీకరుకే. రెండోది, వైర్లు సీటు కింది నుంచే లాగాలి, చాలా కార్లలో సీటు పక్క ఎయిర్‌బ్యాగు వైరు కూడా అక్కడే పసుపు రంగు కనెక్టరుతో ఉంటుంది. దాన్ని తెలియక కదిపితే డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతుంది, అదృష్టం బాగుంటే అంతటితో పోతుంది. మూడోది, మాస్టారు చెప్పిన కొలతలూ ఫిల్టర్లూ లేకుండా ఉత్త స్పీకరు బిగించినంత మాత్రాన జోను రాదు.

కంపెనీ బిగించి ఇచ్చిన కారు కొన్నా ఇంకో ప్రమాదం ఉంది, అది మన చేతుల్లోనే ఉంది. షోరూము నుంచి బండి బయటికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని రెక్సిన్ సీటు కవర్లు తొడిగించడం. హెడ్‌రెస్ట్‌కు కూడా తొడుగు వస్తుంది, దాని మీద నూనె జిడ్డు అంటకుండా ఒక టర్కీ తువ్వాలు, దాని మీద మెడ దిండు. స్పీకరు ముందున్న జాలీని రెక్సిన్ మూసేస్తే డాక్టరమ్మ గారు చెప్పిన ఆ పదునే ముందు పోతుంది, గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుగా వస్తుంది. అలాంటి కారే ఒకటి ఈ మధ్య నా దగ్గరకు వచ్చింది. స్పీకరు చెడిపోయిందని యజమాని ఫిర్యాదు, నేను తొడుగు జిప్పు తీసి చూపించేసరికి శబ్దం దానంతట అదే బాగైంది.

మంగళగిరి_కోడలు
తువ్వాలు తీసేయమంటే మా ఇంట్లో ఒప్పుకోరు. తలకు కొబ్బరినూనె రాసుకునే కుటుంబం మాది.

ఆటోనగర్_వైరింగ్
అయితే జాలీ ఉన్నంత మేర కోసి, అంచులు కుట్టిన తొడుగు చేయించుకోండి. సీటు కవర్ల వాళ్లు అడిగితే చేసి ఇస్తారు, అడగనిదే చేయరు. పక్క ఎయిర్‌బ్యాగు ఉన్న సీటుకు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే కుట్టు విడిపోయే రకం కవరే వేయించాలన్నది కూడా అప్పుడే చెప్పండి.

పటమట_ప్రయాణికుడు
అందరి మాటలూ చదివాక ఒక సంగతి తేలింది. మా అవసరాల్లో ప్రవచనం, ఫోను, దారి చెప్పే గొంతు, ఈ మూడూ మాటలకు సంబంధించినవే కనుక ఈ పరిజ్ఞానం మాకు పనికొస్తుంది, కాని దాని కోసమే పై వేరియంటుకు వెళ్లాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడున్న కారులోనే ఏదైనా చేయగలమా?

ఆటోనగర్_వైరింగ్
సెట్టింగులలోకి వెళ్లి చూడండి, దారి చెప్పే గొంతును డ్రైవరు వైపు స్పీకరుకే పంపే వీలు చాలా కార్లలో ఉంటుంది, దాన్ని ఎవరూ తెరిచి చూడరు. ముందు, వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచే ఫేడరును పూర్తిగా ముందుకు తెచ్చి ప్రవచనాన్ని ముందు వరుసకే ఇవ్వండి, బేస్ తగ్గించి ట్రెబుల్ (పై స్థాయి ధ్వని) పెంచండి. పిల్లల ట్యాబ్‌ను కారు స్పీకరుకు కలపకుండా దాని స్పీకరులోనే తక్కువ శబ్దంతో పెట్టించండి. ఖర్చు లేదు.

బ్రాడీపేట_నాలుగో_లైను
షోరూములో ఈ జోన్లున్న కారు దొరికితే ఎలా పరీక్షించాలో కూడా ఎవరైనా చెప్పండి. అక్కడ అబ్బాయి నన్ను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి పాట పెట్టి ఎలా ఉందని అడుగుతాడు, బాగానే ఉంటుంది మరి.

తరంగాల_మాస్టారు
మీరు కూర్చోవలసింది పాట వినిపించే సీటులో కాదు, వినిపించకూడని సీటులో. ఇంజినూ ఏసీ రెండూ ఆపించండి, ఎందుకంటే ఫ్యాను హోరు పక్క సీటు నుంచి కారే శబ్దాన్ని కప్పేసి కారుకు లేని గొప్పతనం తెచ్చిపెడుతుంది. పాట వద్దని చెప్పి వార్తలు చదివే గొంతును పక్క సీటులో పెట్టించండి. మాట వినిపించినా ఫర్వాలేదు, ఏం చెబుతున్నారో అర్థమైతే మాత్రం జోను సరిగ్గా లేనట్టే. తరువాత మీ సీటులో ఇంకో గొంతు పెట్టించి మళ్లీ వినండి, మన చెవి దగ్గర మనదైన శబ్దం ఉంటే పక్కది చాలా వరకు మరుగున పడుతుంది, నిజంగా వాడేటప్పటి పరిస్థితి కూడా అదే. చివరగా తలను కిటికీ వైపు వాల్చి, ముందుకు వంగి, తేడా ఎంత వస్తోందో చూడండి.

వెనక_సీటు_మధ్యలో
ఆ పరీక్ష వెనక మధ్య సీటులో కూడా చేయించి ఫలితం ఇక్కడ రాయండి. షోరూము అబ్బాయి ఆ సీటులో ఎవరూ కూర్చోరు సార్ అంటే, కారు దిగి వచ్చేయండి.